కాన్ డెవానీ చెయ్యి

మధ్యాహ్నం మూడవుతోంది. నది మీంచి గాలన్నది లేదు. ఆగస్టు ఎండకి బేస్‌బాల్ మైదానంలో గడ్డి మాడిపోయి కాల్చిన ఇటుక రంగుకి తిరిగింది. బార్ట్ టీర్నీకి కడుపు నకనకలాడుతోంది. పొద్దున ఇంత ఓట్స్ జావ, నిన్నటి రొట్టె అంచు, అంతే తిన్నది. ఆట ఉన్నరోజు కడుపు నిండా తింటే నడుం వంగదు, అందుకని తినడు. తినడు గానీ, ఎడం చేతికి వేసుకున్న తోలు తొడుగులో, అరచేతికి ఆనించి, ఇంత మందాన పచ్చి గొడ్డుమాంసం ముక్క పెట్టుకుని, బ్యాట్ పట్టినవాడి వెనక నిలబడ్డాడు. కాన్ డెవానీ విసిరే బంతిని ఉత్త చేత్తో పడితే చెయ్యి చెయ్యిలా ఉండదు మరి. ఆకలేసినవాడి చేతిలో కూర ఉండి కూడా నోటికి అందకపోతే ఎలా ఉంటుందో బార్ట్‌ని అడగాలి.

"పైన!" అని అరిచాడు బ్యాట్ పట్టుకున్న ఓల్డ్‌ఫెర్రీ జట్టువాడు. బంతి పైన కావాలో కింద కావాలో బ్యాట్ పట్టినవాడు అడుగుతాడు, అడిగిన చోట వెయ్యాల్సిందే.

కాన్ తలూపాడు. బంతిని రెండు చేతుల మధ్యా పెట్టుకుని దానికేదో చెప్పాడు. ఏం చెప్తాడో ఎవరికీ తెలీదు, బార్ట్‌కి కూడా చెప్పడు. చెయ్యి తల మీంచి తిప్పి విసిరాడు. వాడు బ్యాట్ ఊపాడు, తగల్లేదు. బంతి వచ్చి బార్ట్ తొడుగులో పడింది.

జనం చప్పట్లు కొట్టారు. బార్ట్ మాత్రం కొయ్యలా అలాగే నిలబడిపోయాడు. కాన్ బంతి పడితే అరచెయ్యి భగ్గుమనాలి. మాంసం ఉన్నా సరే, మంట మోచేతి దాకా ఎక్కాలి. ఇవాళ ఏ మంటా లేదు. దిండు మీద పిల్లి దూకినట్టు మెత్తగా పడింది బంతి.

"ఏంట్రా చూస్తావు, ఇటు వెయ్!" అని అరిచాడు కాన్.

బార్ట్ బంతి తిరిగి విసిరాడు. ఎండకి అనుకున్నాడు. నిన్న వరసగా రెండో ఆట ఆడాడు కదా, అలిసిపోయుంటాడు అనుకున్నాడు. తర్వాతి బంతీ అంతే. ఆ తర్వాతదీ అంతే.

* * *

కాన్ డెవానీ మా కార్విల్ ల్యాండింగ్‌కి వచ్చింది ఇటుకల పడవ మీద. ఎండాకాలం పనికి వచ్చేవాళ్ళందరూ అలాగే వస్తారు, మంచు పడగానే పోతారు. ఇతను పోలేదు. బక్క మనిషి, చెవులు మాత్రం జగ్గు పిడుల్లా పెద్దవి. మాట నెమ్మది. ఏం పెట్టినా దాని మీద చెరకు పాకం పోసుకుని తింటాడు. బంగాళాదుంపల మీద కూడా పోసుకుంటే, వాళ్ళకి గదులు అద్దెకిచ్చే క్రాటీ ముసలమ్మ గుండెల మీద శిలువ గీసుకుందట.

బట్టీలో ఇటుకలు పేర్చేటప్పుడు కింద ఒకడు నిలబడి పైకి విసురుతాడు, ఆవం మీద ఇంకొకడు పట్టుకుంటాడు. విసిరేవాడు చెయ్యి మోకాలి దగ్గర్నుంచి లేపి, జతలు జతలుగా, ఇటుకలు గాల్లో విడిపోకుండా పంపాలి. పట్టేవాడు చెయ్యి ఎదురు పెట్టకూడదు, వెనక్కి తీసుకుంటూ అందుకోవాలి. ఎదురు పెట్టాడా, వేళ్ళు పోతాయి. కింద కాన్, పైన బార్ట్. మొదటిరోజే కుదిరిపోయింది వాళ్ళిద్దరికీ. సాయంత్రానికి బార్ట్ కళ్ళు మూసుకుని కూడా పట్టగలిగేవాడు. పక్క ఆవం వాళ్ళు పని ఆపి చూసేవాళ్ళు.

"ఏరా, ఇటుకలు విసురుతున్నావా, పావురాలు వదులుతున్నావా?" అని అడిగాడు ఒకడు.

"నువ్వు కొంచెం పక్కకి జరుగు, పావురం రెట్ట వేస్తుంది," అన్నాడు కాన్.

బట్టీ యజమాని వాన్ ఎటెన్ దొర అది చూశాడు. చూశాడు అనకూడదు, విన్నాడు అనాలి. ఆయనకి చూపు ఆనదు. గుర్రబ్బండిలో కూర్చుని కళ్ళు మూసుకుని వింటాడు. ఇటుక సరిగ్గా కాలిందో లేదో కూడా అంతే, రెండు ఇటుకలు ఒకదానికొకటి తాకించి చెవి దగ్గర పెట్టుకుంటాడు. కంచులా మోగితే మంచిది, దబ్బుమంటే పచ్చిది. ఆయన చెవి ఎప్పుడూ తప్పలేదు. ఆ రోజు ఇటుకలన్నీ ఒకే తాళంలో పడుతుంటే, "ఆ ఇద్దరూ ఎవరు?" అని అడిగాడు.

అప్పటికి నది పొడుగునా ఊరూరికీ బేస్‌బాల్ జట్లు లేచాయి. ఆడినందుకు జీతాలు కూడా ఇస్తున్నారు. పెద్ద ఊళ్ళలో ఇచ్చినంత కాదు గానీ, ఇస్తున్నారు. దొర కూడా ఒక జట్టు పెట్టాడు. బంతి విసిరేవాడిగా కాన్, వెనకాల పట్టేవాడిగా బార్ట్. ఇలాంటి ఇద్దర్ని ఎవరైనా జతగానే పెట్టుకుంటారు. ఒకడి బంతి ఇంకొకడికే అలవాటు, అందుకని. పెట్టుకుంటే ఇద్దర్నీ, తీసేస్తే ఇద్దర్నీ.

కాన్ మొదటి మూడు వేసవులూ ఎలా విసిరాడో చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. రూలు ప్రకారం చెయ్యి భుజం పైకి లేవకూడదు. కింద నుంచే విసరాలి. అది కాన్‌కి ఇటుక విసిరినట్టే. ఒళ్ళు అలవనట్టు, ఏదో పక్కింటివాడికి ఉల్లిపాయ అందిస్తున్నట్టు విసిరేవాడు. బంతి మోకాలి దగ్గర్నుంచి లేచి బ్యాట్ పట్టినవాడి చెవి పక్క నుంచి పోయేది. ఎగువ ఊళ్ళలో కాన్ డెవానీ వస్తున్నాడంటే జనం రేవు దగ్గర కాసేవాళ్ళు. ఏ రాక్షసుడో దిగుతాడనుకుంటే ఈ చెవుల మనిషి మూట చంకలో పెట్టుకుని దిగేవాడు.

"డెవానీ ఎక్కడయ్యా?" అని ఇతన్నే అడిగేవాళ్ళు.

"వెనక వస్తున్నాడు, చాలా పెద్దమనిషి, దారివ్వండి," అని బార్ట్‌ని చూపించి జారుకునేవాడు.

అంపైర్‌తో ఎప్పుడూ గొడవ పడలేదు. తప్పుగా చెప్పినా, "ఆయన కళ్ళు ఆయనవి, మన బంతి మనది," అనేవాడు. ఆటయ్యాక ఓడినవాళ్ళ దగ్గరికెళ్ళి కూర్చుని వాళ్ళ బీరు తాగి వచ్చేవాడు. అలా ఓడించినవాడి మీద కోపం ఎలా వస్తుంది ఎవరికైనా?

ఇక ఆ మాంసం సంగతి. ఆటయ్యేసరికి బార్ట్ తొడుగులో ముక్క కాన్ దెబ్బలకి నలిగి, పీచు పీచై, వెన్నలా అయిపోయేది. లోమన్ కసాయి దగ్గర అన్నిటికన్నా గట్టి ముక్క, మెడ దగ్గరది, చవగ్గా తెచ్చుకునేవాళ్ళు. సాయంత్రం బార్ట్ పెళ్ళాం డీలియా దాన్ని ఉల్లిపాయలేసి పెనం మీద వేయించేది. ముగ్గురూ పంచుకునేవాళ్ళు. ఆట ఉన్నరోజు రాత్రి భోజనం కాన్‌కి అక్కడే. శుక్రవారం ఆట పడితే మాత్రం చిక్కే, కాథలిక్కులు ఆ రోజు మాంసం ముట్టకూడదు కదా. తడిగుడ్డలో చుట్టి, నేలమాళిగలో శనివారం దాకా దాచేది డీలియా.

"శుక్రవారం తొడుగులో చేప పెట్టుకోరాదూ?" అని ఏడిపించేవాడు కాన్.

"పెట్టుకుంటా, నీ బంతి దెబ్బకి ముళ్ళన్నీ నా చేతిలో దిగుతాయి, నువ్వు తీద్దువుగాని," అనేవాడు బార్ట్.

డీలియా అయితే, "ఊళ్ళో ఏ ఇంట్లోనూ ఇంత మెత్తటి మాంసం ఉండదు, మా ఇంట్లో కొట్టేవాడు ఒకడు, పట్టేవాడు ఒకడు," అని చెప్పుకునేది.

* * *

నాలుగో వేసవికి రూలు మార్చారు. ఇక ఎలా కావాలంటే అలా విసరొచ్చు, భుజం మీంచి అయినా సరే. దొర బట్టీకొచ్చి కాన్‌ని పిలిచాడు.

"డెవానీ, ఇక పై నుంచి వెయ్. అందరూ అలాగే వేస్తున్నారు. చప్పుడు చూడాలి!"

"కింద నుంచి వేస్తే ఓడిపోవట్లేదు కదండీ," అన్నాడు కాన్.

"ఓడిపోవడం కాదయ్యా, జనం రావాలి. ఎలా మోగాలంటే, ఆవలి ఒడ్డుకి వినపడాలి."

కాన్ తలూపాడు. ఆ మనిషి అందరికీ తలూపేవాడే. బట్టీ వెనక ఖాళీ స్థలంలో బార్ట్‌ని నిలబెట్టి భుజం మీంచి విసిరాడు. బార్ట్ తొడుగు ఊడి కింద పడింది. ఇద్దరూ దాన్ని చూసి పడీపడీ నవ్వారు. పాపం, ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు బాధేస్తుంది.

ఆ ఏడు ఎవడూ బ్యాట్ తాకించలేకపోయాడు. మైదానం చుట్టూ చెట్లెక్కి చూశారు. దొర బండిలో కళ్ళు మూసుకుని కూర్చునేవాడు, బంతి పడ్డప్పుడల్లా ఆయన మొహం వెలిగిపోయేది. విసిరేవాడు ఇంకొకడు లేడు మా జట్టులో, ఆట ఉన్న ప్రతిరోజూ కానే. కింద నుంచి విసిరినన్నాళ్ళూ ఆ చెయ్యి ఎప్పుడూ నొప్పనలేదు, పనిలో తయారైన చెయ్యి కదా. భుజం మీంచి తిప్పడం మాత్రం దానికి ఎవరూ నేర్పలేదు. చలికాలంలో చొక్కా తొడుక్కోవడానికి ఎడం చెయ్యి సాయం పెట్టుకోవడం మొదలుపెట్టాడు. వేడి ఇటుక గుడ్డలో చుట్టి భుజం మీద పెట్టుకుని కూర్చునేవాడు. "వాతం," అనేవాడు అడిగినవాళ్ళకి.

మొదట చెప్పిన ఓల్డ్‌ఫెర్రీ ఆట ఆ మరుసటి వేసవి, ఆగస్టులోదే. అదృష్టం బాగుండి గెలిచారు.

సాయంత్రం డీలియా ముక్క పెనం మీంచి తీసి పళ్ళేల్లో వేసింది. ముగ్గురూ కూర్చున్నారు. కాన్ తన బంగాళాదుంపల మీద పాకం పోసుకున్నాడు. నమలడం మొదలుపెట్టారు. నములుతూనే ఉన్నారు.

"ఏం మరిదీ," అంది డీలియా నవ్వుతూ, "ఇవాళ నీ బంతి ఈ ముక్కని కొట్టిందా, జోకొట్టిందా? చెప్పుతోలు తిన్నట్టుంది నాకు."

ఎవరూ నవ్వలేదు. డీలియా నవ్వు కూడా సగంలో ఆగిపోయింది.

కాన్ నమలడం ఆపాడు. నోట్లో ముక్క అలాగే ఉంచుకుని పళ్ళెంలోకి చూశాడు.

"లోమన్ గాడు ముసలి ఆవుని అంటగట్టాడు," అన్నాడు బార్ట్ గబుక్కున. "రేపు వాడి సంగతి చూస్తా. మెడ ముక్క అని తోక ముక్క ఇచ్చాడు, దొంగ వెధవ."

"అంతేలే వదినా," అన్నాడు కాన్. "పాపం, పెద్ద వయసు ఆవు." అని మింగేశాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. టోపీ ఎడం చేత్తో పెట్టుకున్నాడు.

తలుపు మూసి వచ్చి డీలియా మొగుడి ఎదురుగా కూర్చుంది.

"ఆవు సంగతి కాదు కదా?"

"కాదు."

"ఎన్నాళ్ళనుంచి?"

"నాకూ ఇవాళే తెలిసింది. వాడికి ఎప్పట్నుంచో తెలుసేమో. చెయ్యి పోతోందే డీలియా."

వాళ్ళిద్దరికీ అర్థమైంది అదేంటో. సెప్టెంబరు ఆఖర్న దొర వచ్చే ఏడాదికి ఎవర్ని ఉంచుకోవాలో, ఎవర్ని పంపెయ్యాలో చెప్తాడు. కాన్ చెయ్యి పోయిందని తెలిస్తే ఇటుకలు విసరడం కూడా కుదరదు, ఇద్దరూ మట్టి తవ్వే గుంటలోకే. బార్ట్‌కి ఆ గుంటలో దిగితే దగ్గు ఆగదు. అదీ కాకుండా, మైదానంలో నిలబడ్డప్పుడు తప్ప కాన్ మొహంలో అంత వెలుగు ఇంకెక్కడా చూడలేదు బార్ట్. ఆ వెలుగు ఆరిపోతే చూడలేననుకున్నాడు.

"నెలన్నర," అన్నాడు బార్ట్. "నెలన్నర దొరకి తెలియకుండా లాగితే, చలికాలమంతా చెయ్యికి విశ్రాంతి దొరుకుతుంది. వచ్చే ఏడాదికి బాగవుతుంది."

"ఎలా లాగుతావు? దొర గుడ్డివాడా?"

బార్ట్ ఒక్క క్షణం ఆలోచించాడు. "గుడ్డివాడే," అన్నాడు.

* * *

మర్నాటి ఆటకి బార్ట్ మాంసం తీసుకెళ్ళాడు గానీ తొడుగులో పెట్టుకోలేదు. గుడ్డలో చుట్టి బల్ల కింద దాచాడు. తొడుగు అరచేతి దగ్గర కోసేశాడు. బ్యాట్ పట్టినవాడికి బాగా దగ్గరగా జరిగి నిలబడ్డాడు. కాన్ బంతి వేశాడు. బార్ట్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. జీవితంలో మొదటిసారి, ఎదురు పెట్టాడు.

ఫటేల్‌మని మోగింది.

బండిలో దొర తల ఎత్తాడు. "ఆహా!" అన్నాడు. "మోగుతోంది!"

ఇటుక విషయంలో ఎప్పుడూ తప్పని చెవి అది. ఉత్త అరచేతి మీద బంతి చప్పుడు దానికి కొత్త.

విచిత్రం ఏంటంటే, ఆ చప్పుడుకి దొర ఒక్కడే కాదు, ఎదటి జట్టువాళ్ళు కూడా మోసపోయారు. ఆ మోత విని, బాబోయ్ ఎంత వేగమో అనుకుని, బంతి రాకముందే బ్యాట్ ఊపేసేవాళ్ళు. వాళ్ళు ఊపాక బంతి తీరిగ్గా వచ్చేది. కొందరు మాత్రం కనిపెట్టి బాదేవాళ్ళు. అయినా ఓడిన ఆటలకన్నా గెలిచినవే ఎక్కువ.

కాన్ కూడా విన్నాడు ఆ చప్పుడు. మూడో ఆట నాటికి బంతికి రెండు మాటలు ఎక్కువే చెప్తున్నాడు.

"ఏరా బార్టూ, చెయ్యి తిరిగొచ్చినట్టుంది కదా?"

"రాకేం చేస్తుంది, వాతం కదా, ఎండకి పోయింది."

"నీకు నొప్పిగా ఉందా?"

"నొప్పి లేకపోతే నీ బంతి ఎలా అవుతుందిరా? మాంసం ఇంకా మందంగా పెట్టుకోవాలి రేపట్నుంచి."

కాన్ చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు కోసం బార్ట్ ఇంకో చిక్కులో పడ్డాడు. సాయంత్రం పళ్ళెంలో ముక్క మెత్తగా ఉండాలి కదా! ఆటయ్యాక అందరూ చేతులు కడుక్కోవడానికి పోతే, బార్ట్ మంచుగడ్డల కొట్టు వెనక్కి వెళ్ళి, ముక్కని ఒక మొద్దు మీద పరిచి, విరిగిన బ్యాట్‌తో దంచేవాడు. వాచిపోయిన వేళ్ళతో బ్యాట్ పట్టుకోవడమే కష్టం. ఒక్కో దెబ్బకీ నోటికొచ్చిన తిట్టు తిడుతూ దంచేవాడు.

డీలియా ముక్క చేతిలోకి తీసుకుని ఒకసారి మొగుడి వేళ్ళ వంక చూసి, పెనం మీద వేసేది.

"అదీ లెక్క!" అనేవాడు కాన్ మొదటి ముద్దకే. "చూశావా వదినా? జోకొట్టలేదు ఇవాళ!"

"లేదు మరిదీ," అనేది డీలియా. "బాగా కొట్టావు." పొయ్యి వైపు తిరిగి అనేది ఆ మాట.

ఒకసారి కాన్ ఉత్సాహం ఆపుకోలేక బల్ల మీంచి ఒక బంగాళాదుంప తీసి, బట్టీ రోజుల్లోలాగా కింద నుంచి, "అందుకో!" అని విసిరాడు. బార్ట్ చెయ్యి పెట్టాడు. దుంప అరచేతిలో పడి నేల మీదికి జారిపోయింది. బార్ట్ టీర్నీ చేతిలోంచి దుంప జారడం!

"ఉడికిన దుంపరా, జారుతుంది," అన్నాడు బార్ట్.

"అవున్లే," అన్నాడు కాన్. వంగి దుంప తీసి, ఊది, తనే తినేశాడు. తింటూ బార్ట్ చేతి వంక చూశాడు. బార్ట్ చెయ్యి బల్ల కిందికి తీసుకున్నాడు.

సెప్టెంబరు ఆఖరి శనివారం, ఆఖరి ఆట. బార్ట్ చూపుడువేలు అంతకు ముందువారమే పక్కకి తిరిగిపోయింది. దానికి పుల్ల కట్టుకుని ఆడాడు. గెలిచారు. దొర బండి దిగి వచ్చి ఇద్దరి వీపులూ తట్టాడు. "సోమవారం పొద్దున ఇద్దరూ ఆఫీసుకి రండి. వచ్చే ఏడాదికి మాట్లాడుకుందాం. అలా మోగాలి, అలా!" అన్నాడు. బార్ట్‌కి ఒళ్ళంతా తేలికైపోయింది. అయిపోయింది, గట్టెక్కాం అనుకున్నాడు. కొట్టు వెనక్కి వెళ్ళి ఆఖరిసారి మాంసం దంచాడు. ఆ రోజు ఎడం చెయ్యి అసలు మడవలేదు, ఒక్క కుడి చేత్తోనే దంచాడు.

సాయంత్రం డీలియా మంచి గుడ్డ పరిచింది బల్ల మీద. ఆ రోజు బీరు కూడా తెప్పించింది. కాన్ గడ్డం గీసుకుని వచ్చాడు.

ముగ్గురి పళ్ళేల్లోకి ముక్కలు పడ్డాయి. బార్ట్ కత్తి పట్టుకోబోయాడు. ఒంటిచేత్తో దంచీ దంచీ కుడి చెయ్యి కూడా బిగుసుకుపోయింది. వేళ్ళు మూసుకోలేదు. కత్తి పళ్ళెంలో పడి చప్పుడైంది. మళ్ళీ తీశాడు, మళ్ళీ పడింది. కాన్ చెయ్యి చాచి, బార్ట్ పళ్ళెం తన వైపు లాక్కుని, మాంసం చిన్న చిన్న ముక్కలు కోసి, మళ్ళీ బార్ట్ ముందుకి తోశాడు. తర్వాత తన ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

రెండు మూడు సార్లు నమిలి ఆగాడు. నాలుకతో ఏదో వెతికి, వేలితో తీసి చూసుకున్నాడు. సన్నటి చెక్క పేడు. మాంసం దంచిన బ్యాట్ నుంచి ఊడింది. దీపం వెలుగులో దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

డీలియా బీరు ఒంపుతూ ఆగిపోయింది.

కాన్ ఆ పేడుని పళ్ళెం అంచు మీద జాగ్రత్తగా పెట్టాడు. మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. ఒక్క పీచు కూడా వదల్లేదు. పళ్ళెంలో మిగిలిన రసం రొట్టెతో తుడుచుకుని తిన్నాడు.

"చాలా మెత్తగా ఉంది వదినా," అన్నాడు. "ఇంత మెత్తగా ఎప్పుడూ లేదు."

"ఇంకాస్త బీరు పొయ్యనా?" అంది డీలియా.

"పొయ్యి."

తాగాడు. ఎప్పట్లాగే క్రాటీ ముసలమ్మ మీద రెండు జోకులేశాడు. లేచేటప్పుడు, "చెయ్యి చూపించరా," అన్నాడు బార్ట్‌తో.

"నా చెయ్యి నీకెందుకు? సోమవారం తొమ్మిదింటికల్లా రా. చొక్కా మంచిది వేసుకో."

"సరే," అన్నాడు కాన్, తలూపాడు.

* * *

ఆదివారం చర్చిలో పూజకి కాన్ రాలేదు. నిద్రపోతున్నాడేమో అనుకున్నాడు బార్ట్. పూజ అయ్యాక క్రాటీ ముసలమ్మ ఇంటికెళ్ళాడు. ఆమె మెట్ల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

"కాన్ లేచాడా అమ్మా?"

"లేచేంటయ్యా, పొద్దున పడవకే వెళ్ళాడు. గది తుడిచి, దుప్పటి మడత పెట్టి మరీ వెళ్ళాడు. నా దగ్గరున్న మగాళ్ళలో దుప్పటి మడత పెట్టినవాడు ఇతనొక్కడే."

"ఎక్కడికన్నాడు?"

"ఏం అనలేదు."

"నాకేమైనా చెప్పమన్నాడా?"

"ఏం చెప్పలేదన్నా కదా. జావ తిన్నాడు. ఇంకాస్త పాకం వెయ్యమన్నాడు, వేశాను. చొక్కా చేతి గుండీ పెట్టమన్నాడు, చెయ్యి పైకి రావట్లేదు పాపం, పెట్టాను. బంగారంలాంటి మనిషి. అలా నిలబడకయ్యా, ఎండ తగుల్తుంది, లోపలికి రా."

బార్ట్ లోపలికి వెళ్ళలేదు. రేవుకి పరిగెత్తాడు. దగ్గు వచ్చింది, ఆగి దగ్గి మళ్ళీ పరిగెత్తాడు. రేవులో ఆదివారం పని లేదు, తాళ్ళు చుట్టుకుంటూ ఒక ముసలాయన మాత్రం ఉన్నాడు. "చెవుల మనిషేనా? న్యూయార్క్ వెళ్ళే పడవెక్కాడు," అన్నాడు. "ఇటుకల మీద కూర్చున్నాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు."

"ఊరి వైపు చూశాడా?"

"నేను తాళ్ళు విప్పుతున్నానయ్యా, ఎవడెటు చూశాడో నాకెలా తెలుస్తుంది?"

బార్ట్ దొర ఇంటికెళ్ళాడు. సోమవారం దాకా ఆగడం ఎందుకు? వరండాలో కూర్చున్న దొర, "ఎవరది?" అన్నాడు.

"టీర్నీని అండీ. డెవానీ వెళ్ళిపోయాడండీ."

"వెళ్ళిపోవడమేంటి? ఎవడైనా ఎక్కువిస్తానన్నాడా?"

"లేదండీ. చెయ్యి పోయింది. ఆగస్టులోనే పోయింది."

"మరి ఆ మోత?"

బార్ట్ తొడుగు లేని చెయ్యి తీసుకెళ్ళి దొర చేతిలో పెట్టాడు. కళ్ళతో చూడలేనివాడికి ఎలా చూపించాలి మరి? దొర ఆ వేళ్ళు ఒక్కొక్కటే తడిమాడు. అరచెయ్యి తడిమాడు.

"నేను పైనుంచి వెయ్యమన్నాను కదూ," అన్నాడు చివరికి. ఆ తర్వాత, "నీకు పేర్చే దగ్గర పని ఇస్తాను, గుంటలో వద్దు," అన్నాడు. "చేతులు నయమయ్యాక." ఇంకో విసిరేవాణ్ణి తెస్తే వాడి పట్టేవాడు వాడితోనే వస్తాడు, అది ఇద్దరికీ తెలుసు.

ఇంటికొచ్చేసరికి డీలియా నీళ్ళు కాచి ఉంచింది. అతని చేతులు రెండూ తీసుకుని గిన్నెలో ముంచింది. పుల్ల విప్పింది.

"ఒక్క మాట!" అన్నాడు బార్ట్. "ఒక్క మాట చెప్పి చావొచ్చు కదా. ఇన్నేళ్ళు ఒకే పెనం మీది ముక్క తిన్నాం. పోతున్నాన్రా అనడానికి నోరు రాలేదా వాడికి? కుక్క కూడా పోయేముందు ఒకసారి వెనక్కి చూస్తుంది."

డీలియా వేళ్ళ మధ్య మెల్లగా రుద్దుతోంది.

"చెప్పాడనుకో," అంది. "పోతానన్నాడనుకో. నువ్వేమనేవాడివి?"

బార్ట్ నీళ్ళలో తన చేతుల్ని చూసుకున్నాడు.

"నా చేతులకేం కాలేదు, ఉండరా అనేవాణ్ణి."

"ఆ. ఉండేవాడు," అంది డీలియా. "నువ్వు చెప్తే వాడు తలూపనిదెప్పుడు?"

నీళ్ళు చల్లారాయి. ఆమె లేచి మళ్ళీ కాచి తెచ్చింది.